నెల జీతం లేనివాళ్ళు హోమ్ లోన్ తెచ్చుకోవడం ఎలా

ఫ్రీలాన్స్ డిజైనర్లు, క్యాబ్ డ్రైవర్లు, డెలివరీ చేసేవాళ్ళు, ఫొటోగ్రాఫర్లు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు, ట్యూషన్లు చెప్పేవాళ్ళు, ఇలా పనికింత అని డబ్బులొచ్చే వాళ్ళందరికీ బ్యాంకులో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే, శాలరీ స్లిప్ ఉందా అని. లేదనగానే చాలామంది అక్కడితో ఆగిపోతారు, ఇంక మనకి హోమ్ లోన్ రాదులే అని ఫిక్స్ అయిపోతారు. వస్తుందండీ. కాకపోతే జీతం వాళ్ళు మూడు నెలల స్లిప్పులు పట్టుకుని వెళ్తే అయిపోయే పనికి మనం రెండేళ్ళ ముందు నుంచే కాగితాలు పోగేసుకోవాలి, అసలు తేడా అంతా అక్కడే ఉంది.

బ్యాంకు భయపడేది మీకు తక్కువ వస్తోందని కాదు. నెలకి 25 వేలు జీతమొచ్చే మనిషికి లోన్ ఇచ్చేసి, నెలకి 80 వేలు సంపాదించే ఫ్రీలాన్సర్‌ని వెనక్కి పంపించడం రోజూ జరిగేదే, ఎందుకంటే ఆ 25 వేలు కాగితం మీద కనిపిస్తున్నాయి, ఈ 80 వేలు కనిపించట్లేదు. అందుకే ఇది చదివేవాళ్ళు ఇల్లు వెతకడం కాసేపు పక్కన పెట్టి ముందు కాగితం సంగతి చూసుకోండి. కింద రాసినవన్నీ ఇండియాలో లోన్ తీసుకునేవాళ్ళ గురించే.

అన్నిటికంటే ముందు ఐటీఆర్

జీతం లేనివాళ్ళకి శాలరీ స్లిప్ స్థానంలో ఉండేది ఇన్‌కం టాక్స్ రిటర్నే. మామూలుగా బ్యాంకులు రెండేళ్ళవి అడుగుతాయి, కొన్ని మూడేళ్ళవి అడుగుతాయి, దాంతోపాటు ఇన్‌కం కంప్యుటేషన్, ఉంటే బ్యాలెన్స్ షీట్, ప్రాఫిట్ అండ్ లాస్ కూడా. సీఏ సంతకం పెట్టి ఇచ్చే కాగితాల మీద యూడీఐఎన్ నంబర్ ఉందో లేదో చూసుకోండి, ఆ నంబర్‌తో బ్యాంకువాళ్ళు ఆన్‌లైన్‌లో చెక్ చేసుకుంటారు, అది లేకపోతే ఆ కాగితాన్ని పక్కన పెట్టేస్తారు.

ఇక్కడే మనవాళ్ళలో చాలామంది దెబ్బ తినేది. ఇన్నాళ్ళూ టాక్స్ పడకూడదని ఇన్‌కం తక్కువ చూపించుకుంటూ వస్తారు, తీరా లోన్‌కి వెళ్ళాక బ్యాంకు ఆ తక్కువ చూపించిన అంకె మీదే లెక్క కడుతుంది. నాకు నిజంగా ఇంతకి మూడింతలు వస్తుందండీ అంటే ఎవరూ వినరు. పైగా ఇప్పుడు అలా తక్కువ చూపించి మిగుల్చుకునేది కూడా పెద్దగా ఏం లేదు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త రెజీమ్‌లో 12 లక్షల వరకు ఇన్‌కం ఉన్నవాళ్ళకి రిబేట్ వల్ల టాక్స్ సున్నా (షేర్లు అమ్మిన లాభాల్లాంటివి ఉంటే వాటి లెక్క వేరు). అంటే ఏడాదికి ఏ ఐదు లక్షలో ఎనిమిది లక్షలో మిగిలే మనిషి ఉన్నది ఉన్నట్టు చూపించినా పైసా కట్టక్కర్లేదు. అలాంటప్పుడు రెండున్నర లక్షలు అని చూపించి లోన్ పోగొట్టుకోవడం ఎందుకో నాకైతే అర్థం కాదు.

ప్రిజంప్టివ్ పద్ధతి, అంటే వచ్చిన డబ్బులో ఇంత శాతం ఇన్‌కం అని చూపించే పద్ధతి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పనికింత అని సంపాదించేవాళ్ళలో ఎక్కువమంది ఐటీఆర్-4 వేసేది దీని కిందే. డాక్టర్లు, లాయర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, టెక్నికల్ కన్సల్టెంట్లు, ఇంటీరియర్ డెకరేటర్లు, ఐటీ వాళ్ళు, సినిమా ఆర్టిస్టులు, ఇలా చట్టంలో లిస్టు చేసిన ప్రొఫెషన్లకి 44ఏడీఏ అనే సెక్షన్. వచ్చిన మొత్తంలో సగం ఇన్‌కం అని చూపిస్తే చాలు, ఖర్చుల పుస్తకాలు రాయక్కర్లేదు. దీని లిమిట్ ఏడాదికి 50 లక్షలు, క్యాష్‌గా వచ్చింది 5 శాతం దాటకపోతే 75 లక్షలు. చిన్న వ్యాపారాలకి 44ఏడీ, అందులో క్యాష్‌కి 8 శాతం, బ్యాంకు ద్వారా, యూపీఐ ద్వారా వచ్చినదానికి 6 శాతం చూపిస్తే సరిపోతుంది. ఇవి 1961 ఇన్‌కం టాక్స్ చట్టంలోని సెక్షన్ నంబర్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చాక నంబర్లు మారాయి గానీ బయట అందరూ ఇంకా పాత పేర్లతోనే మాట్లాడుకుంటున్నారు కాబట్టి నేనూ అవే వాడుతున్నా.

అసలు విషయం ఏంటంటే ఆ 50 శాతం, 6 శాతం అనేవి కనీసం చూపించాల్సినవి. అంతకంటే ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించొచ్చు, చూపించాలి కూడా. ఒక డెలివరీ చేసే కుర్రాడికి ఏడాదికి 4 లక్షల 20 వేలు అకౌంట్లో పడ్డాయనుకోండి, పెట్రోలు, బండి రిపేర్లు, ఫోను పోను మూడు లక్షలు మిగిలాయి. నెట్ సెంటర్ వాళ్ళు ఐదు నిమిషాల్లో 6 శాతం కొట్టి 25,200 ఇన్‌కం అని ఫైల్ చేసేస్తారు. ఏడాదికి 25 వేల ఇన్‌కం ఉన్న మనిషికి ఏ బ్యాంకు ఇల్లు కొనిస్తుంది చెప్పండి? అదే మూడు లక్షలని నిజం చూపిస్తే టాక్స్ ఎలాగూ సున్నాయే, చేతిలో మాత్రం పనికొచ్చే ఐటీఆర్ ఉంటుంది. ఈ ఒక్క ముక్క ఫైల్ చేసేవాళ్ళకి ముందే చెప్పండి, లోన్ కోసం చూస్తున్నాను, అసలు మిగిలిందే చూపించండి అని. ఇన్సూరెన్స్ ఏజెంట్ల లాగా కమిషన్ మీద బతికేవాళ్ళకి మాత్రం 44ఏడీ వర్తించదు, వాళ్ళు ఐటీఆర్-3లో మామూలుగా లాభనష్టాల లెక్క చూపించి వేసుకోవాలి.

ఇంకోటి, ఏ ఏడాదిది ఆ ఏడాది గడువులోపు వేయండి. లోన్ అవసరమొచ్చాక రెండు మూడేళ్ళ రిటర్న్‌లు ఒకే వారంలో వేసుకుని వెళ్తే అవతలివాళ్ళు తేదీలు చూస్తారు, చూడగానే వాళ్ళకి అర్థమైపోతుంది. పాత సంవత్సరాలకి అప్‌డేటెడ్ రిటర్న్ వేసుకునే వీలు 48 నెలల వరకు ఉంది గానీ దానికి అదనపు టాక్స్ 25 శాతం నుంచి మొదలై ఆలస్యాన్ని బట్టి 70 శాతం దాకా వెళ్తుంది, పైగా బ్యాంకు దాన్ని టైంకి వేసినదానితో సమానంగా చూస్తుందన్న గ్యారంటీ లేదు. అలా వేయడం కంటే ఇప్పట్నుంచి రెండేళ్ళు శుభ్రంగా వేసి అప్పుడు వెళ్ళడమే మంచిదని నా అభిప్రాయం.

క్లయింట్లు టీడీఎస్ (మనకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకుని గవర్నమెంట్‌కి కట్టే టాక్స్) కట్ చేస్తే చిరాకు పడకండి, నిజానికి అది మీకు మంచిదే. 26ఏఎస్, ఏఐఎస్ అనే టాక్స్ స్టేట్‌మెంట్లలో ఎవరు ఎంత ఇచ్చారో గవర్నమెంట్ రికార్డులో పడిపోతుంది, అంతకంటే గట్టి సాక్ష్యం మనం తేలేం. ఎక్కువ కట్ అయితే రిటర్న్ వేసినప్పుడు రీఫండ్ వస్తుంది. బయటి దేశాల క్లయింట్ల దగ్గర్నుంచి డబ్బులొస్తుంటే ప్రతి పేమెంట్‌కీ ఫారిన్ ఇన్వర్డ్ రెమిటెన్స్ అడ్వైస్ అడిగి తీసుకుని ఒక ఫోల్డర్‌లో వేసుకోండి, ఆ డబ్బు పని చేసినందుకే వచ్చిందని చూపించడానికి అదొక్కటే ఆధారం చాలాసార్లు.

బ్యాంకు ఎంత ఇస్తుందో మనమే లెక్క కట్టుకోవచ్చు

అప్లై చేశాక అంత రాదు ఇంతే వస్తుంది అని తెలుసుకుని బాధపడే బదులు ముందే కాగితం మీద వేసుకోండి, ఏమంత కష్టం కాదు. రెండేళ్ళ నికర ఇన్‌కం తీసుకుంటారు, రెండో ఏడాది పెరిగుంటే సాధారణంగా సగటు తీస్తారు, తగ్గుంటే తక్కువదే పట్టుకుంటారు. మొదటి ఏడాది 3 లక్షలుండి రెండో ఏడాది ఉన్నట్టుండి 11 లక్షలైతే సంతోషపడకండి, అంత జంప్‌ని చాలామంది లెక్కలోకి తీసుకోరు, ఎందుకు పెరిగిందని అడుగుతారు.

ఉదాహరణకి ఒక ఏడాది 7.2 లక్షలు, తర్వాతి ఏడాది 9 లక్షలు. సగటు 8.1 లక్షలు, అంటే నెలకి 67,500. ఇందులో అన్ని ఈఎంఐలకీ కలిపి సుమారు సగం దాకా పోవచ్చు అని చూస్తారు, దీన్నే వాళ్ళ భాషలో ఎఫ్‌ఓఐఆర్ అంటారు, ఇన్‌కం తక్కువున్నవాళ్ళకి 40 శాతానికే ఆపేస్తారు. సగమే అనుకుందాం, 33,750. బండి లోన్ ఈఎంఐ 6 వేలు ఇప్పటికే నడుస్తోంది, అది తీసేస్తే 27,750. తొమ్మిది శాతం వడ్డీకి 20 ఏళ్ళయితే లక్షకి ఈఎంఐ 900 పడుతుంది, కాబట్టి సుమారు 30.8 లక్షల లోన్. ఆ బండి లోన్ ముందే తీర్చేసి వెళ్తే దాదాపు 37 లక్షల దాకా పెరుగుతుంది, చూడండి ఆరు వేల ఈఎంఐ ఆరున్నర లక్షల లోన్‌ని ఎలా మింగేస్తుందో. అందుకే హోమ్ లోన్‌కి వెళ్ళే ముందు ఫోన్ ఈఎంఐలు, పర్సనల్ లోన్‌లు ఏమున్నా క్లోజ్ చేసేయండి, చేతిలో డౌన్ పేమెంట్ కోసం దాచిన డబ్బులో కొంత దానికి పోయినా సరే.

డౌన్ పేమెంట్ ఎంత ఉండాలనేది మన ఇష్టమో బ్యాంకు ఇష్టమో కాదు, ఆర్‌బీఐ రూల్ ఉంది. 30 లక్షల లోపు లోన్ అయితే ఇంటి విలువలో 90 శాతం వరకే, 30 నుంచి 75 లక్షల మధ్యలో 80 శాతం, 75 దాటితే 75 శాతం. పైన ఉదాహరణలో 30.8 లక్షలు వస్తుందని తీసుకుంటే 80 శాతం రూల్‌లో పడతారు, 30 లక్షల దగ్గర ఆగితే 90 శాతం రూల్ వర్తిస్తుంది, ఎనభై వేల కోసం డౌన్ పేమెంట్ లక్షల్లో పెరగకుండా చూసుకోవాలి. ఈ 90 శాతం అనేది గరిష్ఠం మాత్రమే, జీతం లేనివాళ్ళకి చాలాచోట్ల 75, 80 దగ్గరే ఆపేస్తారు. స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా ఇందులో కలవవు (10 లక్షల లోపు ఇళ్ళకి తప్ప), అవి పూర్తిగా మన జేబులోంచే. నన్నడిగితే ఇంటి ధరలో నాలుగో వంతు, దానిపైన రిజిస్ట్రేషన్ డబ్బు, దానిపైన ఆరు నెలల ఈఎంఐ చేతిలో లేకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. డౌన్ పేమెంట్ ఎక్కువ పెట్టేవాళ్ళ ఫైలు చూసే తీరే వేరుగా ఉంటుంది కూడా.

బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఏం చూస్తారు

మామూలుగా 12 నెలల స్టేట్‌మెంట్ అడుగుతారు. ఇప్పుడు పీడీఎఫ్ ఇవ్వకుండా అకౌంట్ అగ్రిగేటర్ ద్వారా మీ పర్మిషన్‌తో డైరెక్ట్‌గా లాగేసుకుంటున్నారు కూడా, ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ చూస్తుంది, మనిషి తర్వాత చూస్తాడు. అది వెతికేవి మనకి తెలిసినవే, ఏ చెక్కు బౌన్స్ అయింది, ఏ ఆటో డెబిట్ ఫెయిల్ అయింది, క్యాష్ ఎంత డిపాజిట్ చేశారు, బెట్టింగ్ యాప్‌లకి డబ్బులు వెళ్ళాయా, లోన్ యాప్‌ల నుంచి డబ్బులు వచ్చాయా. ఓటీటీ సబ్‌స్క్రిప్షన్ ఆటోపే ఫెయిలైనా రిటర్న్ (బౌన్స్) అనే కనిపిస్తుంది, అందుకని అక్కర్లేని మాండేట్‌లన్నీ క్యాన్సిల్ చేసేయండి.

ముఖ్యంగా చేయాల్సింది, సంపాదన మొత్తం ఒకే అకౌంట్‌లోకి వచ్చేలా పెట్టుకోవడం. ఒక యాప్ పేమెంట్ ఒక బ్యాంకులో, ఇంకో యాప్‌ది ఇంకో బ్యాంకులో, తెలిసినవాళ్ళ పనులకి భార్య యూపీఐకి, ఇంకొన్ని చేతికి క్యాష్, ఇలా ఉంటే ఎంత సంపాదించినా లెక్క తేలదు. చేతికి క్యాష్ ఇచ్చే కస్టమర్‌ని కూడా యూపీఐ చేయమనండి. తప్పక క్యాష్ వస్తే వారం వారం వచ్చింది వచ్చినట్టు వేయండి, లోన్‌కి వెళ్ళే ముందు నెలలో ఒకేసారి రెండు లక్షలు క్యాష్ వేస్తే బ్యాలెన్స్ బాగా కనిపిస్తుందని ఎవరో చెప్తుంటారు, అది రివర్స్‌లో పనిచేస్తుంది. మీ అకౌంట్ల మధ్య మీరే అటూ ఇటూ తిప్పుకున్న డబ్బుని కూడా ఇన్‌కంలో కలపరు, తీసేసి చూస్తారు.

ఐటీఆర్‌లో ఇన్‌కం సరిపోనివాళ్ళకి కొన్ని ప్రైవేట్ బ్యాంకులు, హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీల్లో సరోగేట్ ప్రోగ్రామ్స్ అని ఉంటాయి. ఐటీఆర్ బదులు బ్యాంకింగ్ చూసి ఇస్తారు, నెలలో 5, 15, 25 లాంటి కొన్ని తేదీల్లో అకౌంట్‌లో ఎంత బ్యాలెన్స్ ఉందో తీసుకుని దాని సగటు మీద ఎలిజిబిలిటీ కడతారు, జీఎస్టీ రిటర్న్‌లు చూసి ఇచ్చేవి కూడా ఉన్నాయి. కాబట్టి డబ్బు పడగానే మొత్తం తీసి ఇంకోచోట పెట్టే అలవాటుంటే ఒక ఏడాది మానుకోండి, కొంత అకౌంట్‌లోనే కూర్చోనివ్వండి.

సిబిల్ గురించి అందరికీ తెలుసు కాబట్టి తొందరగా చెప్పేస్తా. స్కోరు 300 నుంచి 900 మధ్యలో ఉంటుంది, 750 పైన ఉంటే నిశ్చింత. బ్యూరోలు నాలుగు, ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్, నాలుగూ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలి, మనం చూసుకుంటే స్కోరు తగ్గదు. అప్లై చేయడానికి ఆరు నెలల ముందే తీసి చదవండి, ఎప్పుడో తీర్చేసిన లోన్ ఇంకా ఓపెన్ అని ఉండడం, మనది కాని లోన్ మన పేరు మీద ఉండడం మామూలే. కంప్లైంట్ పెట్టాక 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకి 100 రూపాయలు మనకి ఇవ్వాలని రూల్ ఉంది. అసలు ఇప్పటిదాకా ఏ అప్పూ చేయనివాళ్ళకి స్కోరే ఉండదు, అది గొప్ప అనుకుంటారు గానీ ఇక్కడ అది ఇబ్బందే, ఒక చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద క్రెడిట్ కార్డ్ తీసుకుని నెలనెలా కొంచెం వాడి పూర్తిగా కట్టేస్తూ ఉండండి. ఒకేసారి ఐదారు బ్యాంకుల్లో అప్లై చేయడం మాత్రం వద్దు, ప్రతి ఎంక్వైరీ రిపోర్ట్‌లో కనిపిస్తుంది, వీడెవడో అప్పు కోసం ఊరంతా తిరుగుతున్నాడు అనుకుంటారు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి

రెండేళ్ళ ఐటీఆర్ శుభ్రంగా ఉంటే ముందు గవర్నమెంట్ బ్యాంకుకే వెళ్ళండి, అందులోనూ మీ సంపాదన పడే అకౌంట్ ఉన్న బ్యాంకుకి. వడ్డీ తక్కువ, పైగా బ్యాంకుల ఫ్లోటింగ్ (వడ్డీ రేటు మారుతూ ఉండే) హోమ్ లోన్‌లు 2019 అక్టోబర్ నుంచి రెపో (ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే రేటు) లాంటి బయటి రేటుకి లింక్ అయి ఉంటాయి కాబట్టి ఆర్‌బీఐ తగ్గించినప్పుడు మనకీ తగ్గుతుంది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి ఆ రూల్ లేదు, వాళ్ళ సొంత రేటు వాళ్ళది.

ఐటీఆర్ సరిగ్గా లేక, సంపాదనలో క్యాష్ ఎక్కువ ఉన్నవాళ్ళకి అఫర్డబుల్ హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు ఉన్నాయి, ఆధార్ హౌసింగ్, ఆవాస్, హోమ్ ఫస్ట్, ఆప్టస్ లాంటివి. వీళ్ళు మీ పని దగ్గరికి వచ్చి, రోజుకి ఎన్ని ట్రిప్పులు, ఎంత ఖర్చు, సరుకు ఎక్కడ కొంటారు అని అడిగి వాళ్ళే ఇన్‌కం అంచనా వేసుకుంటారు. కానీ వడ్డీ బ్యాంకు కంటే ఎక్కువ. ఎంత తేడా వస్తుందో చూడండి, 20 లక్షలకి 20 ఏళ్ళు 9 శాతం అయితే ఈఎంఐ సుమారు 18 వేలు, 12 శాతం అయితే 22 వేలు, నెలకి నాలుగు వేలు అనుకుంటాం గానీ 20 ఏళ్ళకి తొమ్మిదిన్నర లక్షల పైనే. వేరే దారి లేక అక్కడ తీసుకున్నా ఫ్లోటింగ్ రేటే తీసుకోండి, రెండేళ్ళు ఒక్క ఈఎంఐ తప్పకుండా కట్టి, ఆ రెండేళ్ళూ ఐటీఆర్ సరిగ్గా వేసి మిగిలిన లోన్‌ని బ్యాంకుకి మార్చుకోవచ్చు, దీన్నే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అంటారు. మనలాంటి వ్యక్తులు ఇల్లు కోసం తీసుకున్న ఫ్లోటింగ్ లోన్‌కి ముందుగా కట్టేసినందుకు ఛార్జీ వేయకూడదు, బ్యాంకైనా హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయినా.

ఇంట్లో జీతం వచ్చేవాళ్ళు ఉంటే, భార్య గానీ భర్త గానీ, కో-అప్లికెంట్‌గా పెట్టడం అన్నిటికంటే సులువైన దారి. ఒక్క స్థిరమైన జీతం ఉన్నా ఫైలు రంగే మారిపోతుంది. కాకపోతే కో-అప్లికెంట్ అంటే సాక్షి సంతకం లాంటిది అనుకోకండి, మీరు కట్టకపోతే మొత్తం అప్పు వాళ్ళ మీద పడుతుంది, లేట్ అయితే ఇద్దరి సిబిల్ పోతుంది, ఆ మాట వాళ్ళకి ముందే చెప్పి పెట్టండి.

కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్ళు పీఎం ఆవాస్ యోజన అర్బన్ 2.0లో వడ్డీ సబ్సిడీ గురించి కూడా అడగండి. ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటకూడదు, మొదటి 8 లక్షల మీద 4 శాతం సబ్సిడీ, మొత్తం 1.80 లక్షల దాకా ఐదు విడతల్లో వస్తుంది. లోన్ ఇచ్చేవాళ్ళని ఈ స్కీంలో ఉన్నారా లేదా అని అప్లై చేసే ముందే కనుక్కోవాలి.

అప్లై చేశాక

జీతం లేనివాళ్ళ ఫైల్‌లో పీడీ అని ఒకటి ఉంటుంది, పర్సనల్ డిస్కషన్. క్రెడిట్ మేనేజర్ ఫోన్‌లోనో ఎదురుగా కూర్చునో ఒక అరగంట ప్రశ్నలేస్తాడు. ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారు, ఎక్కువ పని ఇచ్చే క్లయింట్లు ఎవరు, వాళ్ళు పోతే ఏం చేస్తారు, ఏ నెలల్లో డల్‌గా ఉంటుంది, ఫలానా నెలలో లక్షన్నర వచ్చింది తర్వాతి నెల పన్నెండు వేలే వచ్చింది ఎందుకు. చాలామంది ఇక్కడ తడబడి ఏదో ఒకటి చెప్పేస్తారు, వాళ్ళు చెప్పింది స్టేట్‌మెంట్‌తో కలవదు. మీ స్టేట్‌మెంట్ మీరే ముందు రోజు కూర్చుని చదివి, పెద్ద అంకెలన్నిటికీ పక్కన ఒక ముక్క రాసుకోండి, ఇది ఫలానా ప్రాజెక్ట్ అడ్వాన్స్, ఇది చీటీ డబ్బు, ఇది బావమరిది తిరిగిచ్చింది అని. డల్ నెలలు ఉంటాయని దాచక్కర్లేదు, ఉంటాయి, అప్పుడు ఎలా నెట్టుకొస్తారో చెప్పగలిగితే చాలు, అకౌంట్‌లో ఎప్పుడూ ఒక లక్ష కదలకుండా ఉందనుకోండి అదే సమాధానం. ఒకే క్లయింట్ మీద, ఒకే యాప్ మీద మొత్తం ఆధారపడి ఉంటే మాత్రం గట్టిగా అడుగుతారు, ఇంకో రెండు చోట్ల నుంచి కొంచెమైనా వస్తూ ఉండడం మంచిది. ఎన్నాళ్ళ నుంచి ఈ పనిలో ఉన్నారో చూపించడానికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి గవర్నమెంట్ ఇచ్చేది), జీఎస్టీ ఉంటే ఆ సర్టిఫికెట్, పాత కాంట్రాక్టులు, ఇన్‌వాయిస్‌లు, యాప్‌ల నుంచి డౌన్‌లోడ్ చేసుకున్న పేఅవుట్ స్టేట్‌మెంట్లు పనికొస్తాయి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఫ్రీ, దానికి డబ్బులడిగే వెబ్‌సైట్లు గవర్నమెంట్‌వి కావు.

తర్వాత ఇంటికి, పని చేసే చోటికి మనిషి వచ్చి చూసి వెళ్తాడు, ఇంట్లోంచే పని చేస్తుంటే అదే చెప్పండి, లేని ఆఫీసు ఒకటి చూపించొద్దు. ఏజెంట్ల గురించి కూడా ఒక మాట. వాళ్ళకి కమిషన్ ఇచ్చేది బ్యాంకు, మీరు కాదు. మంచి ఏజెంట్‌కి ఏ బ్యాంకు ఎలాంటి ఫైల్‌ని ఒప్పుకుంటుందో తెలుస్తుంది, ఆ మేరకి ఉపయోగమే. కానీ ఐటీఆర్ మేం మేనేజ్ చేస్తాం, స్టేట్‌మెంట్ మేం సెట్ చేస్తాం అనే మనిషి దగ్గర్నుంచి వెంటనే లేచి వచ్చేయండి. రిటర్న్ అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్‌తో అసలుదో కాదో దొరికిపోతుంది, దొరికితే ఫ్రాడ్ కేసు మీ పేరు మీద కూడా పడుతుంది.

బిల్డర్‌కో అమ్మేవాళ్ళకో అడ్వాన్స్ ఇచ్చే ముందే సాంక్షన్ లెటర్ (ఇంత లోన్ ఇస్తామని రాసిచ్చే కాగితం) తెచ్చుకోండి, ప్రాపర్టీ ఫైనల్ కాకుండానే ఇన్‌కం చూసి ఇచ్చేవాళ్ళున్నారు. అగ్రిమెంట్‌లో లోన్ రాకపోతే అడ్వాన్స్ తిరిగివ్వాలి అని ఒక లైను రాయించుకోండి, ఈ లైను జీతం వాళ్ళకంటే మనకే ఎక్కువ అవసరం. 2024 అక్టోబర్ నుంచి ఇచ్చే లోన్‌లకి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం తప్పనిసరి, అందులో వడ్డీ, ఫీజులు అన్నీ కలిపిన అసలు వార్షిక రేటు ఉంటుంది, రెండు ఆఫర్లని పోల్చేటప్పుడు ఆ అంకెనే పోల్చండి. లోన్‌తో పాటు వాళ్ళ ఇన్సూరెన్సే తీసుకోవాలని ఒత్తిడి చేస్తే అక్కర్లేదు, విడిగా టర్మ్ పాలసీ తీసుకుని చూపించొచ్చు, చాలాసార్లు అదే చవక.

ఎంత తీసుకోవాలి అనేది వేరే ప్రశ్న

బ్యాంకు సగటు చూస్తుంది, మనం బతికేది సగటులో కాదు కదా. అందుకని బ్యాంకు ఇస్తానన్నది మొత్తం తీసుకోకండి. గడిచిన 24 నెలల లెక్క తీసి, అన్నిటికంటే తక్కువ వచ్చిన ఆరు నెలలు విడిగా తీసి వాటి సగటు చూడండి. పైన ఉదాహరణలో మనిషికి సగటు 67,500 అయినా డల్ నెలల్లో 40 వేలే వస్తుందనుకోండి, బ్యాంకు ఓకే అన్న 27,750 ఈఎంఐ, బండి లోన్ 6 వేలు కడితే ఇంటికి ఆరు వేల చిల్లర మిగులుతాయి. 20 వేల ఈఎంఐ దగ్గర ఆగి, ఆరు నెలల ఈఎంఐ అంటే 1.2 లక్షలు విడిగా పెట్టుకుంటే నిద్ర పడుతుంది. లోన్ 22 లక్షలకి తగ్గుతుంది, అవును, ఇల్లు చిన్నదవుతుంది లేదా ఇంకో ఏడాది ఆగాలి.

గడువు మాత్రం వీలైనంత ఎక్కువ పెట్టించుకోండి. 30 లక్షలకి 9 శాతంతో 20 ఏళ్ళయితే ఈఎంఐ సుమారు 27 వేలు, 30 ఏళ్ళయితే 24,100. వడ్డీ ఎక్కువ పోతుంది కదా అంటారు, 30 ఏళ్ళూ అలాగే కడితే పోతుంది, కానీ మనకి పండిన నెలలు ఉంటాయి, ఆ నెలల్లో ముందుగా అసలులోకి కట్టేయొచ్చు, ఫ్లోటింగ్‌కి ఛార్జీ లేదని ముందే చెప్పుకున్నాం. ఎండిన నెలలో మాత్రం ఈఎంఐ తగ్గించమంటే ఎవరూ తగ్గించరు. అందుకే కట్టి తీరాల్సింది చిన్నదిగా, ఇష్టమైతే కట్టేది పెద్దదిగా పెట్టుకోవాలి.

దీనికి ఇంకా బాగా సరిపోయేది ఓవర్‌డ్రాఫ్ట్ టైప్ హోమ్ లోన్, ఎస్‌బీఐలో మ్యాక్స్‌గెయిన్ అని ఉంది, వేరే కొన్ని బ్యాంకుల్లో వేరే పేర్లతో ఉన్నాయి. లోన్ అకౌంట్‌లోనే మిగులు డబ్బు పార్క్ చేస్తే అంత మేరకి వడ్డీ పడదు, డల్ నెల వస్తే మళ్ళీ తీసుకోవచ్చు. మామూలు లోన్‌లో ముందుగా కట్టేసిన డబ్బు మళ్ళీ మన చేతికి రాదు. రేటు కొంచెం ఎక్కువ ఉంటుంది, కాబట్టి ఎప్పుడూ ఒకటి రెండు లక్షలు అందులో ఉంచగలిగేవాళ్ళకే లాభం. కట్టుబడిలో ఉన్న ఫ్లాట్ తీసుకుంటే అద్దె, ప్రీ-ఈఎంఐ (ఇల్లు పూర్తయ్యేలోపు కట్టే వడ్డీ) రెండూ ఒకేసారి నడుస్తాయి, మనకి అది చాలా బరువు, కుదిరితే రెడీగా ఉన్న ఇల్లే చూసుకోండి.

ఈఎంఐ తేదీ మీ పేమెంట్లు ఎక్కువగా పడే తేదీలకి రెండు మూడు రోజుల తర్వాత పెట్టమని అడగండి, ఈఎంఐ కట్ అయ్యే అకౌంట్ విడిగా ఉంచి పెద్ద పేమెంట్ వచ్చిన రోజే రెండు మూడు నెలలది అందులోకి పంపించేయండి. అయినా ఎప్పుడైనా కట్టలేని పరిస్థితి వస్తే తేదీ దాటకముందే బ్రాంచ్‌కి వెళ్ళి మాట్లాడండి, కాగితం మీద రాసి ఇచ్చి నకలు మీద స్టాంప్ వేయించుకోండి. 90 రోజులు బాకీ పడితే ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, ఆ తర్వాత 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి ఇల్లు స్వాధీనం చేసుకునే అధికారం వాళ్ళకి ఉంది, కోర్టుకి కూడా వెళ్ళక్కర్లేదు. ఫోన్ ఎత్తకుండా తప్పించుకు తిరిగేవాళ్ళకే ఇది అక్కడిదాకా పోతుంది, మొదటి నెలలోనే వెళ్ళి కూర్చున్నవాళ్ళకి గడువు పెంచడమో, వాయిదాలు సర్దడమో ఏదో ఒక దారి అడిగే వీలుంటుంది.